అరబ్బీ ఛందస్సులో గణభేదం: ఖలీల్ సూత్రీకరణ

అరబ్బీ కవిత్వం అరబ్బీ ఛందశ్శాస్త్రం కన్నా దాదాపు రెండు శతాబ్దాలు పూర్వమైనది. ఇమ్రుల్ ఖైస్ మొదలైన కవులు ఇస్లాం ఆవిర్భావానికి ముందే 6వ శతాబ్దంలో కవిత చెప్పారు. ఆ కవిత నడకను లక్షణబద్ధం చేసిన ఖలీల్ ఇబ్న్ అహ్మద్ 8వ శతాబ్దపు బస్రా నగర వైయాకరణుడు. లక్ష్యం ముందు, లక్షణం తరువాత. ఈ క్రమాన్ని విస్మరిస్తే ప్రాచీన కవుల గణభేదాలు దోషాలుగా తోస్తాయి.

ఖలీల్ 15 ఛందస్సులను గుర్తించి 5 వలయాలలో అమర్చాడు. 16వదైన ముతదారిక్‌ను అల్-అఖ్ఫష్ చేర్చాడని సంప్రదాయం. రెండు అర్ధాలు గల పద్యపంక్తికి అరబ్బీలో పేరు బైత్; ఆ మాటకు ఇల్లు, గుడారం అని అర్థం. గణభాగాల పేర్లు కూడా గుడారానికి సంబంధించినవే. లఘువు తరువాత గురువు వచ్చిన భాగం వతద్, అనగా మేకు. ఒక గురువు గాని రెండు లఘువులు గాని గల భాగం సబబ్, అనగా తాడు. జిహాఫ్ అనే గణవికారం తాటికే వర్తిస్తుంది, మేకు కదలదు.

ఈ వికారం అన్ని ఛందస్సులలో ఒకే తీరుగా ఉండదు. కామిల్‌లో ముతఫాఇలున్ గణపు తొలి రెండు లఘువులు ఒక గురువు కావచ్చు. తెలుగులో సూర్యగణంగా గలం బదులు నగణం వచ్చినట్లే ఇక్కడ మాత్రల సంఖ్య మారదు. తవీల్‌లో మాత్రం ఫఊలున్ గణపు చివరి గురువు లఘువై, ఒక మాత్ర తగ్గుతుంది.

తవీల్ మరొక విశేషాన్ని చూపుతుంది. వలయం ప్రకారం తొలి అర్ధం మఫాఈలున్‌తో ముగియాలి. ప్రయోగంలో, రెండు అర్ధాలకూ అంత్యప్రాస కుదిర్చే ప్రారంభ పంక్తి వంటి సందర్భాలు తప్ప, అక్కడ మూడవ అక్షరం లఘువైన మఫాఇలున్ మాత్రమే వస్తుంది. అంటే ఇచ్చట వికారమే నియమం. మదీద్ కూడా వలయంలో 8 గణాలది, వాడుకలో 6 గణాలది. కనుక మూలరూపం కవులు అతిక్రమించిన కట్టడి కాదు. భిన్న ప్రయోగాలను ఒక్క పేరు కిందికి తెచ్చేందుకు శాస్త్రకారుడు కల్పించుకున్న ఆధారం.

ఈ ఆధారానికి పరిమితి ఉంది. అబీద్ ఇబ్నుల్ అబ్రస్ ప్రసిద్ధ కవితలోని పలు పంక్తులు ఖలీల్ చట్రంలో ఇమడవు. తరువాతి విమర్శకులు వాటిని తప్పుపట్టారు. అయినా 1109లో మరణించిన తిబ్రీజీ, తాను వ్యాఖ్యానించిన 10 ప్రాచీన కవితలలో దానికి చోటిచ్చాడు. లక్షణానికి లొంగకపోయినా ఆ లక్ష్యాన్ని సంప్రదాయం వదులుకోలేదు.