దాదా ముకల్లా, దాదీ మెదక్

చార్మినార్ నుంచి శాలిబండ, ఫలక్‌నుమా దాటి చాంద్రాయణగుట్టకొచ్చి, పహాడీషరీఫ్ దిక్కు మళ్లితే బార్కస్. ఇంగ్లీషు బ్యారక్స్ ఉర్దూ నోళ్లలో నాని బార్కస్ అయ్యింది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల లైన్లు ఇక్కడుండేవి. కొలువు పోయింది, లైన్లు పోయాయి, పేరు మిగిలింది.

పొద్దున్నే వెళ్తే హరీస్ దొరుకుతుంది. ఆలస్యమైతే డేగ్ అడుగు గీకే చప్పుడే. గోధుమల్నీ మాంసాన్నీ గంటల తరబడి ఉడికించి, కర్ర ఘోట్నీతో మెదిపి, నెయ్యి పోసిస్తారు. మసాలా దాదాపు ఉండదు. "ఖారా హోనా కీ మీఠా హోనా, మియా?" అనడిగాడు దుకాణం చచ్చా. మీఠా అంటే పైన చక్కెర చల్లివ్వడం. బిర్యానీకి అలవాటుపడ్డ మా నాలుకకు మొదటిసారి అది పథ్యం కూడులా తగిలింది. మూడోసారికి గానీ రుచి పట్టుబడలేదు.

అరబ్బీలో 'హరస' అంటే నలగ్గొట్టడం, దంచడం. హరీస్ అందులోంచి వచ్చిన మాట. ఈ సిపాయిల తిండే నవాబుల దస్తర్‌ఖానాలెక్కి, పప్పులూ మసాలాలూ కలుపుకుని హలీం అయ్యింది. దాన్ని నగరానికి రుచి మప్పినవాళ్లలో ముకల్లా సుల్తానుల కుటుంబానికి చెందిన సైఫ్ నవాజ్ జంగ్ పేరు చెబుతారు. 1950లలో ఇరానీ హోటళ్లు అమ్మకానికి పెట్టాయి. 2010లో 'హైదరాబాద్ హలీం'కి భౌగోళిక గుర్తింపు దక్కింది. వంటకానికి హైదరాబాదీ అని ముద్ర వేయించుకోవడం తేలికే. మనిషికి?

బజార్లో నడిస్తే గళ్ల లుంగీలు, అబాయాలు, అత్తరు సీసాలు, ఖర్జూరాలు, గల్ఫ్ దుప్పట్లు. పక్కనే బార్కస్ జామపళ్ల తట్టలు. ఈ చుట్టుపక్కల జామతోటలకు పెద్ద పేరు. హిందూస్తానీ ఉర్దూలో దీన్ని అమ్రూద్ అంటారు, మన దక్కనీలో మాత్రం 'జామ్'. లక్నో ఉర్దూవాళ్లు వింటే నవ్వుతారు, వాళ్లకు జామ్ అంటే మధుపాత్ర. మా నోటికి ఆ పండు పేరు తెలుగు నేల ఇచ్చింది. బార్కస్ వాళ్ల నోటికీ అంతే.

బోర్డుల మీద యాఫయీ, అమూదీ, బావజీర్. ఇవి యెమెన్‌లోని హద్రమౌత్, యాఫా ప్రాంతాల వంశాల పేర్లు. అక్కడి బీదరికం మగవాళ్లను సముద్రాలు దాటించింది. కొందరు జావా వెళ్లారు, కొందరు హైదరాబాద్ వచ్చారు. అలా వచ్చి జమేదారైన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఅయితీ ఇక్కడ గడించిన సొమ్ముతో ఆయన కొడుకులు సొంత దేశంలో రాజ్యమే కట్టారు. 1867లో షిహర్, 1881లో ముకల్లా వాళ్ల చేతికొచ్చాయి. ఆ రాజ్యం 1967 దాకా నడిచింది. దక్కను పైసతో అరేబియాలో సుల్తానులైన కథ మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకుండదో!

తీపి కబుర్లే చెప్పి ఊరుకోవడం మాకిష్టం లేదు. అరబ్బు జమేదార్లు దివానుకే అప్పులిచ్చి జిల్లాల శిస్తు తాకట్టు పట్టారు. అప్పు వసూలుకు మనుషుల్ని నిర్బంధించారు. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగ్‌కు వాళ్ల జోరు తగ్గించడమే పెద్ద పనైంది. తెలంగాణలో అరబ్బు అన్న మాటకు భయం అంటుకుంది ఊరికే కాదు. కాకపోతే జమేదారు చేసిన వడ్డీ వ్యాపారానికి జీతం సిపాయి మునిమనవడు ఎన్నాళ్లు జవాబు చెప్పుకోవాలి?

వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. ఇక్కడి ఆడపిల్లల్ని నికా చేసుకున్నారు. అట్లా పుట్టిన పిల్లల్ని హద్రమీలు 'మువల్లద్' అంటారు, అంటే అచ్చమైన అరబ్బు కాదని. దుకాణం చచ్చా తన దాదా ముకల్లా నుంచి వచ్చాడని గర్వంగా చెప్పాడు. మరి దాదీ? కాసేపాగి, "మెదక్ దిక్కు" అన్నాడు. ఆమెకు అరబ్బీ రాదట, తెలుగు వచ్చట. ఆ డేగ్ కింద మంట పెట్టింది ఆమే కదా. వంశవృక్షంలో మాత్రం ఆమె పేరుకు కొమ్మ లేదు.

1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. పోలీస్ యాక్షన్ వేళ, ఆ తర్వాతా జరిగిన ఊచకోతలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఆ నివేదిక దశాబ్దాల పాటు చీకట్లో ఉంది. అరబ్బు సిపాయిల ఆయుధాలు గుంజుకున్నారు, కొలువు ఊడింది, ఎంతోమందిని నిర్బంధించారు, చాలామందిని ఓడలెక్కించి ఏడెన్ పంపారు. ఆ రోజుల్లోనే, 1948-49లో, హద్రమౌత్‌లో కరువు. హైదరాబాద్ నుంచి పోయే మనియార్డర్లు ఆగడం కూడా ఆ కరువుకు తోడైంది. ఇక్కడ పుట్టి ఉర్దూ మాట్లాడే మువల్లద్ అక్కడ దిగితే హిందీవాడు, ఇక్కడుంటే అరబ్బు.

మిగిలినవాళ్ల పిల్లలు 1970ల చమురు గిరాకీతో సౌదీ, దుబాయి దారి పట్టారు. వస్తూ వస్తూ మండి తెచ్చారు. మండి అంటే ధాన్యమో మామిడికాయలో అమ్మే చోటనే మనకు తెలుసు. గుంతపొయ్యిలో అన్నం పైన మాంసం ఉంచి, దాని రసం అన్నంలోకి జారేట్టు మగ్గబెట్టే వంట ఇది. నలుగురూ ఒకే తాంబాళంలో తింటారు. ఇప్పుడు కరీంనగర్‌లో మండి, గుంటూరులో మండి. ఒకే తాంబాళంలో తినని కులాలు కూడా చుట్టూ కూర్చుని తింటున్నాయి, సంతోషమే. అలా తిని చేయి కడుక్కుంటూనే మా మిత్రుడొకడు, "మీ పాతబస్తీ అంతా పాకిస్తానే కదన్నా" అన్నాడు.

అతన్నొక్కడినే అనడం దేనికి? మనలోనూ సయ్యద్ పై మెట్టు, దూదేకుల కింది మెట్టు. రక్తంలో అరేబియా ఎంతుంటే అంత గౌరవం. 'ఎక్కడి నుంచి వచ్చారు' అని వాళ్లు నిందగా అడిగేదే మనం ఘనతగా చెప్పుకుంటాం.

లేస్తుంటే చచ్చా మా ఊరడిగాడు.

"నల్గొండ."

"అది సరే మియా. అంతకుముందు?"

"అంతకుముందూ నల్గొండే చచ్చా."

ఆయన నమ్మినట్టు లేదు. పైసలు తీసుకుని, వెనకున్నతన్ని ఖారానా మీఠానా అని అడగడంలో పడ్డాడు.