‘పాలేషియల్’: ఒక కొండ, ఒక మామూలు ఇల్లు

ఫ్లాట్ కోసం తిరుగుతుంటే ఒక బ్రోషర్ చేతికొచ్చింది. 1,200 చదరపు అడుగుల డబుల్ బెడ్రూమ్. పైన బంగారు రంగు అక్షరాల్లో ‘పాలేషియల్ లివింగ్’! నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఆ మాట పుట్టుక వెతికాక, నవ్వింది తొందరపడేమో అనిపించింది.

పాలేషియల్ అంటే రాజభవనంలా ఉన్నది. పాలెస్‌కి చుట్టమే. మరి పాలెస్ ఎక్కణ్ణుంచి వచ్చింది? లాటిన్ ‘పలాటియుమ్’ నుంచి. అది భవనం పేరు కాదు, కొండ పేరు. రోమ్ ఏడు కొండల్లో ఒకటి. రిపబ్లిక్ చివరి రోజుల్లో సిసెరో లాంటి పెద్దమనుషులు ఉండే పేట.

రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ ఉన్నదీ అక్కడే. అదేమీ పెద్ద ఇల్లు కాదని, గదుల్లో పాలరాయి గానీ నగిషీల గచ్చు గానీ లేవని స్యుటోనియస్ రాశాడు. చలికాలమైనా వేసవైనా నలభై ఏళ్ళకు పైగా ఒకటే పడగ్గదట!

ఇందులో నిరాడంబరత ఎంతో, లెక్క కూడా అంతే ఉంది. రోమన్లకి ‘రాజు’ అన్న మాటే గిట్టదు. రాజవ్వాలని చూస్తున్నాడన్న అనుమానంతోనే క్రీ.పూ. 44లో సీజర్‌ని చంపారు. అతని వారసుడు అధికారమంతా చేతిలో పెట్టుకుని, ఇంటిని మాత్రం మామూలుగా ఉంచాడు. క్రీ.పూ. 27లో సెనేట్ ఆ ఇంటి గుమ్మానికి లారెల్ కొమ్మలు కట్టించింది. అంతే, ఇల్లు ఇల్లుగా మిగల్లేదు.

తర్వాత చక్రవర్తి ఎక్కడ బస చేస్తే అదే పలాటియుమ్ అయిందని డియో కాసియస్ అంటాడు. డొమీషియన్ ఆ కొండ మీద కళ్ళు చెదిరే భవనం కట్టించింది క్రీ.శ. మొదటి శతాబ్దం చివర్లో. అంటే పేరు ముందొచ్చింది, పాలరాయి తర్వాత.

మన ‘దివాణం’ కథా ఇలాంటిదే. పర్షియన్ ‘దీవాన్’ లెక్కల పుస్తకం. దాన్నుంచి కచేరీ, చివరికి జమీందారు గారి ఇల్లు. గొప్పదనం గోడల్లో లేదు, లోపల కూర్చున్నవాడి సంతకంలో ఉంది.

ఆ లెక్కన బ్రోషర్‌ది అబద్ధమే. సంతకం పెట్టేది నేనే అయినా, అది ఇరవయ్యేళ్ళ లోన్ కాగితాల మీద. ఆ ఒకే పడగ్గది సంగతి మాత్రం ఇంకా మనసులోంచి పోవట్లేదు.