విమానం ఆగితేనే బతుకు - డ్యూటీ ఫ్రీ పుట్టిన ఊరి కథ

శంషాబాద్ నుంచి అర్ధరాత్రి ఫ్లైటు ఎక్కిన వాళ్ళందరికీ ఇది అనుభవమే. అమ్మ ఆవకాయ సీసాకి నాలుగు కవర్లు చుట్టి ఇస్తుంది. పెట్టె బరువు ఇంట్లోనే మూడుసార్లు తూస్తాం. ఇమ్మిగ్రేషన్ దాటేసరికి నిద్రా, ఆకలీ రెండూ ఒకేసారి ముంచుకొస్తాయి. ఎదురుగా చూస్తే సెంటు సీసాలు, చాక్లెట్ డబ్బాలు, విస్కీ బాటిళ్ళు! జీవితంలో ఎప్పుడూ కొనాలనిపించనివి కూడా అక్కడ అత్యవసరంగా కనిపిస్తాయి. మొన్నామధ్య అలాగే నాలుగ్గంటలు కూర్చోవాల్సి వచ్చినప్పుడు, అసలీ డ్యూటీ ఫ్రీ ఐడియా ముందు ఎవరికి వచ్చిందబ్బా అని అనుమానం వచ్చింది. ఏ లండనో, న్యూయార్కో, దుబాయో అయ్యుంటుంది అనుకున్నాను. కాదట. ఐర్లండ్ పడమటి కొసన, పొలాల మధ్య ఉన్న షానన్ అనే చిన్న విమానాశ్రయమట.

కథ షానన్ కంటే కొంచెం ముందు మొదలవుతుంది. 1939లో అట్లాంటిక్ దాటే ప్రయాణికుల విమానాలు మొదలైనప్పుడు అవి నీళ్ళ మీద దిగే విమానాలు. యూరప్ లో అమెరికాకి దగ్గరగా ఉన్న నేల ఐర్లండ్ పడమటి తీరం కాబట్టి, షానన్ నది సముద్రంలో కలిసే చోట ఫాయిన్స్ అనే పల్లె వాటికి మజిలీ అయ్యింది. అక్కడి రెస్టారెంటు చూసుకునే కుర్రాడి పేరు బ్రెండన్ ఓ'రీగన్. 1917లో పుట్టాడు, అంటే అప్పటికి మన వయసు వాడే. అతని దగ్గర వంటవాడు జో షెరిడన్. 1943లో ఒక రాత్రి, న్యూయార్క్ వెళ్ళాల్సిన విమానం వాతావరణం బాగోలేక వెనక్కి వచ్చేసిందట. చలికి వణుకుతున్న ప్రయాణికులకి షెరిడన్ వేడి కాఫీలో చక్కెర, ఐరిష్ విస్కీ కలిపి, పైన క్రీమ్ వేసి ఇచ్చాడట. అదే ఐరిష్ కాఫీ. శాన్ ఫ్రాన్సిస్కోలో బ్యూనా విస్టా కేఫ్ ముందు క్యూలో నిలబడి తాగొచ్చిన బే ఏరియా మిత్రులు చాలామందే ఉంటారు. ఆ కేఫ్ లో దాన్ని ఇవ్వడం మొదలుపెట్టింది 1952లో. పుట్టిందేమో ఫ్లైటు వెనక్కొచ్చిన వాళ్ళ కోసం!

యుద్ధం అయిపోయింది. 1945లో ఫాయిన్స్ మూతపడింది, నేల మీద దిగే విమానాలు నదికి అవతలి ఒడ్డున ఉన్న షానన్ కి మారాయి. న్యూయార్క్ కీ షానన్ కీ మధ్య దాదాపు 5 వేల కిలోమీటర్లు. అప్పటి విమానాలు ఇక్కడ పెట్రోలు పోయించుకోక తప్పేది కాదు. ఆ కాసేపూ ప్రయాణికులంతా దిగి లాంజ్ లో కూర్చునేవాళ్ళు. జేబులో డాలర్లున్నాయి, చేతిలో ఖాళీ సమయం ఉంది, చుట్టుపక్కల ఊరు లేదు.

ఓ'రీగన్ బుర్ర ఇక్కడే పనిచేసింది. సుంకం అనేది ఒక దేశంలోకి వచ్చి వాడుకునే సరుకు మీద వేస్తారు. మరి పెట్రోలు కోసం దిగి మళ్ళీ ఎక్కేసేవాడు ఐర్లండ్ లోకి వచ్చినట్టా, రానట్టా? రానట్టే అయితే అతను కొన్నదాని మీద సుంకం ఎందుకు? సముద్రం మీద వెళ్ళే ఓడల్లో ఈ సౌకర్యం ఎప్పట్నుంచో ఉంది. దాన్ని నేల మీదకి తెచ్చారన్నమాట. 1947లో ఐరిష్ పార్లమెంటు ఇందుకోసం ఒక చట్టమే చేసింది. విమానాశ్రయాల్లో ప్రపంచంలోనే మొదటి డ్యూటీ ఫ్రీ కొట్టు ఆ ఏడాదే షానన్ లో తెరిచారు. 1951లో ఓ'రీగన్ అక్కడే ఒక హోటల్ స్కూలు కూడా పెట్టాడు.

మన ఫీల్డు వాళ్ళు జాగ్రత్తగా వినాల్సిన భాగం ఇప్పుడొస్తుంది. 1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాయి. కొన్నాళ్ళకి అవి ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటెయ్యడం మొదలుపెట్టాయి. అంటే షానన్ చేస్తున్న పనే అక్కర్లేకుండా పోయింది. వాళ్ళ తప్పేమీ లేదు, టెక్నాలజీ మారింది, అంతే. మనకి తెలియని బాధ కాదిది. నిన్నటిదాకా ప్రాజెక్టుకి ప్రాణం అనుకున్న టూలుని ఇవ్వాళ ఎవరూ అడగకపోతే ఎలా ఉంటుందో, ఆ ప్రాంతానికంతా అలా అయ్యింది. పైగా తరతరాలుగా పిల్లలు వలస పోతున్న ప్రాంతం. ఉన్న కాసిని ఉద్యోగాలూ పోతే మళ్ళీ ఓడెక్కడమే గతి.

1959లో ఓ'రీగన్ నాయకత్వంలో ఒక అభివృద్ధి సంస్థ పెట్టారు. అతని లాజిక్ సింపుల్. కొట్టుకి వర్తించిన సూత్రం ఫ్యాక్టరీకి ఎందుకు వర్తించకూడదు? ముడిసరుకు సుంకం లేకుండా విమానాశ్రయం పక్కకి రావాలి, అక్కడే వస్తువు తయారవ్వాలి, అటే బయటి దేశాలకి పోవాలి. ఇంధనం కోసం విమానం ఆగకపోతే సరుకు కోసం ఆగుతుంది! అలా షానన్ ఫ్రీ జోన్ పుట్టింది, 1960లలో దాని పక్కనే కొత్తగా ఒక పట్నం కూడా లేచింది. 1980లో చైనా నుంచి ఒక బృందం దీన్ని చూడటానికి వచ్చింది. అందులో ఒకాయన తర్వాత ఆ దేశాధ్యక్షుడైన జియాంగ్ జెమిన్. షెన్‌జెన్ ప్రత్యేక మండలి మొదలైందీ 1980లోనే. షానన్ ఒక్కదాని వల్లే అంతా జరిగిందంటే అతి అవుతుంది గానీ, దారి చూపించిన వాళ్ళలో అది ముందుంది.

కొట్టు నడిపిన అనుభవం కూడా ఊరికే పోలేదు. 1988లో మాస్కో విమానాశ్రయంలో డ్యూటీ ఫ్రీ తెరిచింది ఐరిష్ విమానాశ్రయాల సంస్థ ఏర్ రియాంటా వాళ్ళే. 2010లో ఢిల్లీలో డ్యూటీ ఫ్రీ మొదలైనప్పుడు ఆ వ్యాపారంలో మన రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ తో పాటు వాళ్ళూ భాగస్వాములే.

అన్నట్టు, మన దేశంలో కాండ్లాలో ఎగుమతుల మండలి పెట్టింది 1965లో. తర్వాత 2005లో ఎస్‌ఈజెడ్ చట్టం వచ్చింది. ఎస్‌ఈజెడ్ అంటే కస్టమ్స్ లెక్కల్లో దేశం బయట ఉన్నట్టే అని ఆ చట్టం అంటుంది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు అలాంటి క్యాంపస్సుల్లో పనిచేసిన వాళ్ళకి గేటు దగ్గర సెక్యూరిటీ అతను "సార్, లాప్‌టాప్ కి గేట్ పాస్ ఉందా?" అని ఆపడం గుర్తుండే ఉంటుంది. నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో! పెట్రోలు కోసం దిగిన ప్రయాణికుడు దేశంలోకి వచ్చినట్టా రానట్టా అన్న పాత ప్రశ్నే, ఇన్నేళ్ళ తర్వాత నా బ్యాగు దగ్గరికి వచ్చి నిలబడిందని అప్పుడు తెలీదు.

ఓ'రీగన్ 2008లో పోయాడు. శంషాబాద్ విమానాశ్రయం తెరిచింది కూడా ఆ ఏడాదే. ఇప్పుడు చాలా చోట్ల కొట్ల మధ్యలోంచి తప్ప గేటుకి దారుండదు. కూర్చోడానికి కుర్చీ వెతుక్కోవాలి, ఇడ్లీ ధర చూస్తే ఆకలి చచ్చిపోతుంది. షానన్ వాళ్ళూ డబ్బు కోసమే చేశారు, కాదనను. కానీ వాళ్ళు ముందు అలిసిపోయి దిగిన మనిషికి వేడిగా ఏదో ఒకటి తాగడానికిచ్చారు, కొట్టు ఆ తర్వాత పెట్టారు. మనవాళ్ళు కాపీ కొట్టేటప్పుడు ఆ మొదటి ముక్క కూడా కొట్టి ఉంటే బాగుండేది.