నడిగడ్డ: రెండు నదుల నడుమ, రెండు అధికారాల నడుమ

కృష్ణా, తుంగభద్రా నదుల మధ్య పడమటి నుంచి తూర్పుకు సన్నబడుతూ వచ్చి, కూడవెల్లి దగ్గర ఆ రెండూ కలిసేచోట ముగిసే నేలను స్థానికులు నడిగడ్డ అంటారు. చరిత్రకారులు దీనిని రాయచూరు అంతర్వేదిలో, అంటే రెండు నదుల నడిమి భూమిలో, తూర్పు భాగంగా గుర్తిస్తారు. గద్వాల, అలంపురం ఈ గడ్డ మీదే ఉండగా, పానుగల్లు, వనపర్తి, నాగర్‌కర్నూలు కృష్ణ దాటిన తరువాత ఉత్తరాన ఉన్నాయి.

బహమనీ సుల్తానులు తుంగభద్రను తమ దక్షిణపు హద్దుగా కోరుకోగా విజయనగర రాజులు కృష్ణను తమ ఉత్తరపు హద్దుగా కోరుకున్నారు కనుక, ఈ రెండు కోరికల మధ్య మిగిలిన నేల తరతరాలుగా యుద్ధభూమి అయింది. నల్లరేగడి సారం, కోటల బలం ఆ ఆశకు తోడయ్యాయి. 1417లో ఫిరోజ్ షా బహమనీ పానుగల్లు కొండకోటను ముట్టడించి రెండేళ్లు గడిచినా లొంగదీయలేకపోయాడనీ, సేనలో అంటురోగం ప్రబలిందనీ, చివరకు విజయనగర రాజు మొదటి దేవరాయల బలగం చేతిలో ఓడిపోయాడనీ చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. 1520లో రాయచూరు దగ్గర శ్రీకృష్ణదేవరాయలు బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించినప్పుడు, వెనుదిరిగిన సైనికులు ఎందరో కృష్ణలో మునిగిపోయారు. ఈ యుద్ధాలను రాజుల పేర్లతోనే చెప్పుకోవడం అలవాటైంది గానీ, సేనలకు ధాన్యం, పశుగ్రాసం సమకూర్చి, అవి పోయాక పాడైన చేలను మళ్లీ సాగుచేసుకున్నది నదికి ఇరుపక్కల రైతులే.

1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం వెనుకంజ వేసినా ఈ ప్రాంతానికి ఊపిరి దక్కలేదు. పోటీ బిజాపూరు, గోల్కొండల చేతికి మారింది. గద్వాల పాలకులు నాడగౌడులు, అంటే ఒక నాడుకు చెందిన గ్రామాల పన్ను వ్యవహారం చూసే వంశపారంపర్య అధికారులు. 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో గద్వాల కోట కట్టించిన సోమనాద్రి జీవితకాలంలోనే బిజాపూరు 1686లో, గోల్కొండ 1687లో ఔరంగజేబు వశమైనా, ఆ చిన్న సంస్థానం నిలిచింది. దీనికి అసలు కారణం కోటగోడల్లో కంటే లెక్కల్లో ఉందనాలి: ఊళ్ల సరిహద్దులూ సాగునీటి హక్కులూ తెలిసిన నాడగౌడును తొలగించి పన్ను వసూలు చేయడం కంటే, అతణ్ణి అక్కడే ఉంచి పేష్కషు, అంటే పై అధికారానికి చెల్లించే కప్పం, తీసుకోవడం ప్రతి కొత్త ఏలికకూ లాభసాటి అయింది. ఔరంగజేబు తరువాత ఇక్కడి పై అధికారమైన హైదరాబాదు నిజాం రాబడిలో మరాఠాలు చౌత్ పేరిట నాలుగో వంతు కోరిన 18వ శతాబ్దంలో ఇద్దరి బరువూ చివరకు రైతు మీదనే పడింది.

ఇద్దరు బలవంతుల నడుమ నిలిచిన సయాం, అంటే నేటి థాయిలాండ్, చరిత్ర ఇందుకు దగ్గరగా ఉంటుంది. బర్మాలోని బ్రిటిషువారికీ ఇండోచైనాలోని ఫ్రెంచివారికీ మధ్య చిక్కిన ఆ రాజ్యం 1893లో మెకాంగ్ ఎడమ గట్టును ఫ్రాన్సుకు వదులుకున్నా, 1896లో ఆ రెండు శక్తులూ చావ్ ప్రాయా లోయను ముట్టబోమని ఒప్పుకోవడంతో స్వతంత్రంగా మిగిలింది. ఇద్దరు బలవంతులు ఒకరినొకరు అనుమానించినంతకాలమే మధ్యవారికి బేరమాడే శక్తి ఉంటుంది.

నడిగడ్డకు ఆ అవకాశం 19వ శతాబ్దంలో పోయింది. 1818లో మరాఠా అధికారం ముగిసింది. 1839లో బ్రిటిషువారు కర్నూలు నవాబును తొలగించి తుంగభద్ర దక్షిణ గట్టు వరకు వచ్చారు. 1853లో నిజాం నుంచి తీసుకున్న రాయచూరు అంతర్వేదిని 1860లో తిరిగి ఇచ్చారు. గద్వాల రాజులకూ, కృష్ణ ఆవలి వనపర్తి రాజులకూ ఇక మిగిలింది కప్పమూ కొలువూ మాత్రమే. వనపర్తి రాజు రామేశ్వరరావు పోషించిన ఆఫ్రికన్ ఆశ్విక దళం సైతం నిజాం కొలువుకు చేరింది, హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేట పేరు ఆ దళం నుంచి వచ్చినదే.

1956లో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్లినప్పుడు గద్వాల, అలంపురం తాలూకాలను విడదీసి మహబూబ్‌నగర్‌లో కలిపారు. దాంతో తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట దగ్గర మొదలయ్యే కాలువకు తల కర్ణాటకలో, చివరి ఆయకట్టు అలంపురంలో ఉండిపోయాయి. ఎదురు గట్టున కర్నూలు రైతులు ఉన్నారు. ఆ నీటి వాటాపై తగవు ఇప్పటికీ తెగలేదు.