మందు పాతదే, చేతికి అందాలి

కాలేజీ హాస్టల్ మెస్సులో మీరూ మీ స్నేహితుడూ భోజనానికి కూర్చున్నారనుకోండి. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో అతని ఒంటినిండా దద్దుర్లు లేచాయి. పెదవులు వాచాయి. గొంతు పూడుకుపోయి ఊపిరాడటం లేదు. అతనికి పడని రొయ్య ఏదో కూరలో కలిసింది. మీరేం చేస్తారు? ఆటో కోసం పరుగెత్తుతారు. మరి ఆస్పత్రి చేరేలోగా?

ఈ ప్రమాదకరమైన అలర్జీని అనాఫిలాక్సిస్ అంటారు. దీనికి మొదట ఇవ్వవలసిన మందు అడ్రినలిన్. ఈ మందు నూరేళ్ళకు పైగా మన దగ్గరే ఉంది. పక్కనున్న మామూలు మనిషి చేతికి అది చేరడానికే ఇంతకాలం పట్టింది.

1901లో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ ఓడలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవుల విషాన్ని పరిశీలించారు. తిరిగి వచ్చాక సీ అనిమోన్ విషంతో కుక్కలపై ప్రయోగాలు చేశారు. నెప్ట్యూన్ అనే దృఢమైన కుక్కకు కొద్దిపాటి విషం ఎక్కిస్తే ఏమీ కాలేదు. 22 రోజుల తర్వాత అంతే మోతాదు మళ్ళీ ఇచ్చారు. క్షణాల్లో కుప్పకూలి, 25 నిమిషాల్లో చనిపోయింది. విషానికి అలవాటు పడవలసిన శరీరం ఎదురుతిరిగిందన్నమాట! అందుకే రక్షణకు వ్యతిరేకం అనే అర్థంలో 1902లో దీనికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

విచిత్రమేమంటే, అప్పటికే విరుగుడు తయారై ఉంది. 1900లో న్యూయార్క్‌లో జపాన్ శాస్త్రజ్ఞులు తకమినే, ఉయెనకా అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశారు. అనాఫిలాక్సిస్‌లో రక్తనాళాలు సడలి రక్తపోటు పడిపోతుంది, శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి. అడ్రినలిన్ ఈ రెండింటినీ సరిచేస్తుంది. మామూలు అలర్జీ మాత్రలు దురదను తగ్గిస్తాయి కాని ప్రాణం నిలపలేవు.

అయితే వ్యవధి ఎంత? ఇలాంటి మరణాలపై బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశీలన 2000లో వెలువడింది. గుండె లేదా ఊపిరి ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ కాలం ఆహారం వల్లయితే 30 నిమిషాలు, కీటకం కుడితే 15, వైద్యంలో ఇచ్చిన మందు వికటిస్తే 5 మాత్రమే. డాక్టరు కోసం ఎదురుచూసే సమయం ఎక్కడిది?

దీనికి జవాబు యుద్ధరంగం నుంచి వచ్చింది. విషవాయువు సోకిన సైనికుడు తనకు తానే విరుగుడు పొడుచుకునే సాధనాన్ని 1970లలో అమెరికన్ ఇంజనీరు షెల్డన్ కాప్లాన్ రూపొందించాడు. తొడ బయటివైపు గట్టిగా నొక్కితే చాలు, సూది తానే దిగుతుంది. అందులో అడ్రినలిన్ నింపినదే ఎపిపెన్. 1987లో అమెరికాలో దానికి అనుమతి లభించింది.

మందును పాఠశాలల్లో నిల్వ ఉంచేలా రాష్ట్రాలను ప్రోత్సహించే చట్టం అక్కడ 2013లో వచ్చింది. కాని అది బడులకే పరిమితం. పద్ధెనిమిదేళ్ళకు ఇల్లు విడిచి, ఎవరో వండినది తినే కాలేజీ విద్యార్థి దాని పరిధిలో లేడు. తర్వాత అనేక రాష్ట్రాలు కాలేజీలకూ అవకాశమిచ్చాయి. సంస్థ పేరుమీదే మందు కొనవచ్చు, శిక్షణ పొందినవారు ఎవరికైనా ఇవ్వవచ్చు, సదుద్దేశంతో ఇచ్చినవారికి చట్టం రక్షణ ఉంటుంది. ఇంతలో ధర అడ్డొచ్చింది. రెండు ఎపిపెన్‌ల పెట్టె 2016 నాటికి 600 డాలర్లు దాటింది. 2024లో సూది లేని ముక్కు స్ప్రేకు కూడా అక్కడ అనుమతి వచ్చింది.

మన దేశంలో అడ్రినలిన్ అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉంది. ఒక మిల్లీలీటరు ఆంప్యూల్ ఖరీదైనదేమీ కాదు. 2021లో కోవిడ్ టీకా కేంద్రాల్లో ఈ మందున్న కిట్‌ను సిద్ధంగా ఉంచి, టీకా వేయించుకున్నవారిని అరగంట కూర్చోబెట్టారు. అక్కడ సాధ్యమైనది కాలేజీలో ఎందుకు కాదు? ఆంప్యూల్ నుంచి మోతాదు కొలిచి ఎక్కించడానికి శిక్షణ అవసరం. ఒక నర్సుకో, వార్డెనుకో అది నేర్పించడం అసాధ్యమా?

రేపు మీ కాలేజీలో మూడు ప్రశ్నలు అడగండి. అడ్రినలిన్ ఉందా? వేయడం ఎవరికి వచ్చు? రాత్రిపూట ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?