గవదబిళ్ళలు – పురుషుని సంతానశక్తి

పిల్లవానికి గవదబిళ్ళలు లేస్తే మెడలో బంగారు గొలుసు వేయడం తెలుగునాట పాత వాడుక. దాచేపల్లి వంటి పల్నాటి ఊళ్ళు ఇందుకు మినహాయింపు కావు. పదిరోజులలో వాపు దానంతటదే తీస్తుంది. పేరు మాత్రం గొలుసుకు వస్తుంది. ఆ పిల్లవాడే పెద్దవాడై పెండ్లి చేసుకొని, సంతానం లేకపోతే, లోకం కోడలిని గొడ్రాలంటుంది. అతనికి పదహారవ యేట వచ్చిన వాపు సంగతి ఎవరూ అడగరు. మరికొన్ని ఇండ్లలో ఇందుకు విరుద్ధంగా, చిన్ననాడు గవదలు వచ్చిన ప్రతివానికీ పిల్లలు పుట్టరనే భయం ఉన్నది. రెండూ పొరపాట్లే.

ఈ వ్యాధికీ వృషణాలకూ గల సంబంధం కొత్తగా కనుగొన్నది కాదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో థాసోస్ అనే గ్రీకు ద్వీపంలో చెవుల వద్ద వాపులు ప్రబలినవి. అవి చీము పట్టలేదు. సాము గరిడీలలో మెలగే యువకులకే ఎక్కువగా వచ్చినవి. కొందరికి తరువాత ఒక వృషణమో రెండునూ వాచి బాధించినవి. హిపోక్రటీసు పేరిట వెలసిన వైద్యగ్రంథంలో ఈ వర్ణన ఉన్నది. సుమారు రెండువేల సంవత్సరాల తరువాత, 1790లో, రాబర్ట్ హామిల్టన్ అనే వైద్యుడు ఈ విషయాన్నే వివరంగా ప్రకటించినాడు.

కారణం మాత్రం 1934 వరకు తేలలేదు. ఆ యేడు అమెరికాలో జాన్సన్, గుడ్‌పాశ్చర్ అనే శాస్త్రజ్ఞులు రోగుల లాలాజలాన్ని బాక్టీరియాలు దూరలేని వడపోతలో వడగట్టి కోతులకు ఎక్కించినారు. కోతుల చెంపలు వాచినవి. వడపోతను దాటివచ్చినది వైరస్.

చెంప వాస్తే చర్మం సాగి చోటిస్తుంది. వృషణానికి ఆ సదుపాయం లేదు. దానిని సాగని గట్టి పొర ఒకటి బిగించి ఉంటుంది. లోపల వాపు పెరిగితే ఒత్తిడికి నలిగేవి శుక్రకణాలు తయారయ్యే సన్నని నాళికలే. యుక్తవయస్సుకు ముందు ఈ ఉపద్రవం చాల అరుదు. ఆ తరువాత, టీకా లేని పురుషులలో నూటికి 15 నుండి 30 మందికి, సాధారణంగా చెంపవాపు కనిపించిన వారం పదిరోజులలోపున, ఇది వస్తుంది. ఎక్కువమందికి ఒక ప్రక్కనే. వాచిన వృషణం కొందరిలో కుంచించుకుపోయినా రెండవది పని చేస్తుంది గనుక పూర్తి వంధ్యత్వం అరుదు. శుక్రకణాల సంఖ్య తగ్గడం మాత్రం కద్దు. అది వీర్యపరీక్షలో తెలుస్తుంది. ఆ పరీక్ష సులభం. పురుషులు దానికి జంకడమే చిక్కు.

1963లో అమెరికాలో మారిస్ హిల్మన్ తన కుమార్తె జెరిల్ లిన్‌కు గవదలు లేచినప్పుడు ఆమె గొంతునుండి వైరస్‌ను సేకరించినాడు. దానిని కోడిగ్రుడ్లలోను, కోడిపిండపు కణాలలోను పెంచి బలహీనపరచగా తయారైన టీకాకు 1967లో అనుమతి లభించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 2017 ఆగస్టులో బాలబాలికలకు పెద్దయెత్తున వేసిన టీకా తట్టు, రుబెల్లాలకు మాత్రమే. అందులో గవదబిళ్ళలకు చోటు లేకపోయినది. 2024లో కేరళలో వేలమందికి ఈ వ్యాధి సోకినది.

చెంప వాచిన నాటినుండి 5 రోజులు విద్యార్థిని బడికి, హాస్టలుకు దూరంగా ఉంచవలెను. ఆ రోజులలోగాని తరువాతగాని వృషణంలో నొప్పి పుడితే సిగ్గుపడక వైద్యునికి చూపించవలెను. వృషణం మెలి తిరిగినా ఇటువంటి నొప్పే వస్తుంది. దానికి కొద్ది గంటలలోనే శస్త్రచికిత్స అవసరం.