పైరు ఫొటోలో ఆకు అడుగు భాగం కనిపించాలంటే: తక్కువ ఖర్చుతో ఇంట్లోనే రిఫ్లెక్టర్

మిరపలో ఆకుల అంచులు పైకి ముడుచుకుని పడవలా కనిపిస్తే అది తామర పురుగుల వల్ల వచ్చే పై ముడత. అంచులు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉండి, ఆకు కాడలు సాగితే అది తెల్లనల్లి వల్ల వచ్చే కింది ముడత. ఈ రెండింటికీ వాడే మందులు వేరు. నల్లి ఉన్న చేలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే నల్లి తగ్గకపోగా ఉధృతి పెరిగే ప్రమాదం ఉంది.

అందుకే కృషి విజ్ఞాన కేంద్రానికో, ఏరువాక కేంద్రానికో, మండల వ్యవసాయ అధికారికో వాట్సాప్‌లో పంపే ఫొటోలో ముడత ఎటు తిరిగిందో, ఆకు అడుగున ఏముందో స్పష్టంగా తెలియాలి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోల్లో ఎక్కువగా ఆకు పై భాగం తెల్లగా వెలిసిపోతుంది, అడుగు భాగం నల్లటి నీడలో ఉంటుంది. అలాంటి ఫొటో చూసి మందు చెప్పడమంటే ఊహించి చెప్పడమే.

ఏ వస్తువులు పనికొస్తాయి

పెళ్లి ఫొటోలు తీసేవారు ముఖం మీద నీడ పడకుండా పక్కన తెల్లటి లేదా వెండి రంగు పలక పట్టుకోవడం చూసే ఉంటారు. దాన్నే రిఫ్లెక్టర్ అంటారు. పైరుకు దాన్ని కొనాల్సిన పని లేదు. టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే థర్మోకోల్ ముక్క, తెల్ల కాగితం అంటించిన అట్ట, ఉతికిన తెల్ల పంచె, శుభ్రంగా కడిగి తిరగేసిన తెల్ల ఎరువుల సంచి ఏదైనా సరిపోతుంది. ఒక ఆకుకైతే నోటు పుస్తకంలోని తెల్ల కాగితం చాలు.

వెలుగు తక్కువగా ఉన్నప్పుడు వెండి రంగు బాగా పనిచేస్తుంది. అన్నం పొట్లాలు కట్టే అల్యూమినియం ఫాయిల్‌ను కాస్త నలిపి, మళ్లీ సాపు చేసి అట్టకు అంటించాలి. నలపకపోతే అద్దంలా ఒకే చోట మెరుపు పడుతుంది. మిరప, టమాటలో వేసే వెండి-నలుపు మల్చింగ్ షీటు మిగిలి ఉంటే ఇంకా మంచిది. దాని వెండి వైపు ఆకుల అడుగుకు వెలుగు కొట్టడం వల్లనే తామర పురుగులు, పేనుబంక కొంత దూరంగా ఉంటాయి. ఇక్కడ ఫొటోకూ అదే గుణం పనికొస్తుంది. పురుగు మందుల ప్యాకెట్లను మాత్రం కోసి వాడరాదు.

రంగు పట్టాలు వద్దు. నీలం లేదా పచ్చ టార్పాలిన్ పక్కన ఉంటే ఆ రంగు ఆకు మీద పడుతుంది. పసుపు రంగు వస్తువు దగ్గరుంటే ఆరోగ్యంగా ఉన్న ఆకు కూడా పాలిపోయినట్టు కనిపిస్తుంది. ధాతు లోపాలను ఆకు రంగు బట్టే గుర్తిస్తారు కాబట్టి ఈ జాగ్రత్త ముఖ్యం.

పట్టుకునే విధానం

ఉదయం 9 గంటల లోపు లేదా సాయంత్రం 4 తర్వాత ఫొటో తీయాలి. సూర్యుడు ఒక పక్క ఉంటే, పలక దానికి ఎదురు పక్కన, ఆకుకు ఒకటి రెండు అడుగుల దూరంలో, కొంచెం కిందుగా ఉండాలి. పలకను మెల్లగా అటూ ఇటూ వంచితే ఒక కోణంలో ఆకు అడుగున నీడ విడిపోవడం కంటికే తెలుస్తుంది. అక్కడే ఆపాలి. ఒంటరిగా ఉంటే పలకను కర్రకు ఆనించి నిలపాలి, లేదా పంచెను మొక్క మొదట్లో పరవాలి. మధ్యాహ్నం తప్పనిసరైతే మొక్కకు గొడుగు నీడ పట్టి, కింది నుంచి తెల్ల పలకతో వెలుగు ఇవ్వాలి. ఆ గొడుగు నలుపుదైతే మేలు, రంగు గొడుగు వద్దు.

వరిలో సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన ఉంటుంది. దుబ్బును పాయ తీసి, వెండి పలకతో లోపలికి వెలుగు కొడితే దోమలు కనిపిస్తాయి. ఫోన్ ఫ్లాష్ వేస్తే తడి మీద మెరుపు తప్ప మరేమీ రాదు.

ఫోన్ లెన్స్‌ను మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, తెర మీద మచ్చ ఉన్న చోట వేలితో తాకి, ఆ తర్వాతే ఫొటో తీయాలి. చేను మొత్తం, ఒక మొక్క, ఆకు పైభాగం, ఆకు అడుగు, ఇలా కనీసం నాలుగు ఫొటోలు కావాలి. పక్కన రూపాయి బిళ్ల పెడితే మచ్చ పరిమాణం తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే స్పష్టత తగ్గుతుంది, ‘డాక్యుమెంట్’గా పంపాలి. పైరు వయసు, రకం, ఇంతకు ముందు కొట్టిన మందులు, తేదీలు కూడా రాసి పంపాలి.